అమెరికాలో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిని ఓటర్లు ఇంటికి పంపించగలరా?

పంపించగలరు, కాలిఫోర్నియాలో పంపించారు కూడా. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత సుప్రీంకోర్టు ఉంటుంది, దాదాపు మన హైకోర్టు స్థాయిలో. కాలిఫోర్నియాలో జడ్జిని గవర్నర్ నియమిస్తారు, తర్వాత జనం ఓటేయాలి. పోటీదారు ఎవరూ ఉండరు. బ్యాలెట్ మీద జడ్జి పేరు, కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న, అంతే.

అలా పదవి పోగొట్టుకున్న జడ్జి రోజ్ బర్డ్ సంగతి చూడండి. పబ్లిక్ డిఫెండర్‌గా, అంటే ప్రభుత్వం జీతమిచ్చే లాయర్‌గా, పేదల కేసులు వాదించారు. గవర్నర్ జెర్రీ బ్రౌన్ దగ్గర వ్యవసాయ శాఖ చూస్తూ, 1975లో పొలం కూలీలకు యూనియన్ హక్కులిచ్చిన చట్టం తేవడంలో ముందున్నారు. 1977లో ఆయనే ఆమెను ఏకంగా చీఫ్ జస్టిస్‌ను చేశారు. అంతకుముందు ఒక్కరోజు కూడా జడ్జిగా పనిచేయలేదు! ఆ కోర్టులో తొలి మహిళ కూడా ఆమే.

తన ముందుకొచ్చిన మరణశిక్ష కేసులన్నింటిలో, మొత్తం 61, శిక్ష రద్దుకే ఓటేశారు. 1986 ఎన్నికల్లో ఆమెను వ్యతిరేకించినవాళ్లు దాన్నే పట్టుకున్నారు. బర్డ్‌తో పాటు అదే కోర్టు జడ్జీలు క్రూజ్ రెనోసో, జోసెఫ్ గ్రోడిన్ కూడా పదవి పోగొట్టుకున్నారు. నా దృష్టిలో ఆ ఇద్దరూ ఆమె మీది కోపానికే ఎక్కువగా బలయ్యారు. ఖాళీ అయిన మూడు సీట్లనూ అప్పటి గవర్నర్ డ్యూక్‌మేజియన్ నింపారు. ఆయన మరణశిక్షకు గట్టి మద్దతుదారు.