చర్చి ఆడవాళ్ళం కలిసి సముద్రం ఒడ్డుకి: మా సూర్యలంక అనుభవం

వందనాలండీ. మీ సంఘం స్త్రీల సమాజం నుంచి ఇరవై మంది దాకా వారాంతంలో రెండు రోజులు నీళ్ళ ఒడ్డున గడిపి రావాలనుకుంటున్నారు. ఎక్కడికి వెళ్ళాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, 70 దాటిన పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. మాది గుంటూరు పక్కన ఒక లూథరన్ సంఘం. మేం ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాం. రెండుసార్లు బాపట్ల దగ్గర సూర్యలంక, ఒకసారి కోనసీమలోని దిండి. మిగతా సంగతులు తర్వాత చెప్తాను కానీ ముందుగా ఒక్క మాట. అక్కడ వంట మాత్రం మీరు పెట్టుకోకండి.

మొదటిసారి మేం చేసిన పొరపాటు అదే. బయట తిండికి డబ్బులెందుకు తగలెయ్యాలని 22 మందికి సరిపడా బియ్యం, గ్యాస్ స్టవ్, గిన్నెలు, ఉల్లిపాయల సంచి బండిలో వేసుకుని వెళ్ళాం. సరుగుడు చెట్ల కింద స్టవ్ పెడితే సముద్రపు గాలికి మంట నిలవలేదు. ఇద్దరు చీర చెంగులు అడ్డం పట్టుకుని నిలబడితే ఇంకో ఇద్దరు ఎసరు పెట్టారు. అన్నంలో ఇసుక పడింది. చర్చిలో ఏ ప్రేమవిందు జరిగినా గరిటె పట్టేది ఆ ఆరుగురే, ఇక్కడా వాళ్ళే పట్టారు. మధ్యాహ్నం భోజనాలు, గిన్నెలు, సాయంత్రం టీ, రాత్రికి మళ్ళీ వంట. తిరిగొచ్చేటప్పుడు బండిలో నా పక్కన కూర్చున్న అక్క చేతులు చూసుకుంటూ, "ఇంట్లో అయితే నలుగురికే వండేదాన్నమ్మా" అంది. కోపంగా ఏం అనలేదు, ఉన్న మాటే అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే రెండోసారి ఎవరూ గరిటె పట్టకూడదని మీటింగులోనే తీర్మానం రాసుకున్నాం. రాత్రి భోజనం రిసార్టులో ముందే చెప్పి ఉంచాం, మధ్యాహ్నానికి బాపట్లలో కర్రీ పాయింట్ నుంచి కూరలు కట్టించుకున్నాం, పొద్దున్నే ఇడ్లీలు ఆటోలో తెప్పించుకున్నాం. ఆ పొద్దుటి ధ్యానానికి మా పాస్టరమ్మగారు యోహాను సువార్త 21వ అధ్యాయం తీసుకున్నారు. రాత్రంతా వల వేసి అలిసిపోయి ఒడ్డుకొచ్చిన శిష్యులకి నిప్పులు రాజేసి, చేపలు, రొట్టె సిద్ధం చేసి, రండి తినండని పిలిచింది ప్రభువే కదా. నీళ్ళ ఒడ్డున వండి పెట్టింది ఆయన, కూర్చుని తిన్నది వాళ్ళు. అమ్మగారు ఆ మాట చెప్తుంటే కిందటిసారి వండిన ఆరుగురూ ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.

ఇక రోజుల విషయం. శని, ఆదివారాలు అన్నారు కానీ మన వాళ్ళకి ఆదివారం కుదరదండీ. క్వయర్ వాళ్ళుంటారు, సండేస్కూల్ టీచర్లుంటారు, పాస్టరయ్యగారికి కూడా ఇబ్బంది. మేం శుక్రవారం పొద్దున్నే బయల్దేరి శనివారం రాత్రి ఎనిమిదికల్లా ఇల్లు చేరతాం. ఉద్యోగం చేసేవాళ్ళు ఒక్క రోజు సెలవు పెట్టుకుంటే సరిపోతుంది. రెండో శనివారం చూసుకోండి, బ్యాంకు వాళ్ళకి కూడా వీలవుతుంది.

నెల ఏదంటే సంక్రాంతి వెళ్ళాక, ఈస్టరు ముందు వచ్చే శ్రమ దినాలు మొదలయ్యేలోపు. అవి మొదలయ్యే భస్మ బుధవారం ఏటా మారుతుంది, ఫిబ్రవరి 4 నుంచి మార్చి 10 మధ్య ఎప్పుడైనా రావచ్చు కాబట్టి ముందు క్యాలెండర్ చూసుకోండి. కార్తీక మాసంలో సూర్యలంక వద్దు. సముద్ర స్నానాలకి వేలమంది వస్తారు, కాలు పెట్టే చోటుండదు. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. డిసెంబరులో ఎలాగూ క్రిస్మస్ పనులతో మనకి ఊపిరాడదు. ఏప్రిల్, మే నెలల్లో పగలు ఇసుక మీద అడుగు పెట్టలేం.

గుంటూరు వైపు నుంచైతే పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కణ్ణుంచి దాదాపు 9 కిలోమీటర్లు. మేం టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. రైలైతే తెనాలిలో ఎక్కి బాపట్లలో దిగితే ఒడ్డు దాకా ఆటోలు దొరుకుతాయి. బసకి టూరిజం వాళ్ళ హరిత రిసార్టు ఒడ్డునే ఉంది. గదులు తక్కువ కాబట్టి నెల ముందే బుక్ చేసుకోండి. ఒక్కో గదిలో ఎవరెవరుంటారో కూడా ముందే రాసుకోండి. అక్కడికెళ్ళాక మొదలుపెడితే ఎవరో ఒకరు మనసు కష్టపెట్టుకుంటారు.

నీళ్ళ గురించి మాత్రం గట్టిగా చెప్తాను. సూర్యలంక నీళ్ళు చూడ్డానికి లోతు లేనట్టే ఉంటాయి. కానీ అల వెనక్కి వెళ్ళేటప్పుడు పాదాల కింద ఇసుక జారిపోతుంది, ఆ లాగుడు మామూలుగా ఉండదు. మా రెండో ప్రయాణంలో ముప్పై ఏళ్ళ అమ్మాయి, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నదే, మోకాలి లోతులో నిలబడి నవ్వుతూ ఫోటో దిగుతోంది. వెనక నుంచి అల కొట్టింది. పడిపోయింది. తడిసిన సిల్కు చీర కాళ్ళకి చుట్టుకుపోయి లేవలేకపోయింది, రెండో అల వచ్చి పక్కకి దొర్లించింది. దగ్గర్లో వల సర్దుకుంటున్న పల్లెకారు అన్న పరిగెత్తుకొచ్చి జబ్బ పట్టుకుని లాగాడు. అంతా ఒక నిమిషం కూడా కాలేదు. మాలో ఒక రిటైర్డ్ నర్సమ్మగారున్నారు, గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో పనిచేసినావిడ. ఆవిడ వెంటనే ఒడ్డున పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూసి, దుప్పటి కప్పారు. దేవుని దయ, పిల్లకి ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి మా నియమాలు ఇవీ: నీళ్ళలోకి దిగేవాళ్ళు పంజాబీ డ్రెస్సే వేసుకోవాలి. పిక్కలు దాటి లోపలికి వెళ్ళకూడదు. ఇద్దరిద్దరు జంటగానే దిగాలి, సముద్రానికి వీపు తిప్పకూడదు. ఒకరు ఈల పట్టుకుని ఒడ్డునే ఉండాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్త. అక్కడ పోలీసులు, జాలర్లు వద్దన్న చోట అస్సలు దిగొద్దు. బంగారం ఇంట్లో పెట్టి రండి.

అలలంటే భయమున్నవాళ్ళు ఎక్కువైతే దిండి బాగుంటుంది. కోనసీమలో, వశిష్ట గోదావరి ఒడ్డున. పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన దాటి వెళ్ళాలి. హౌస్‌బోట్లు ఉంటాయి, కొబ్బరి చెట్ల నీడ, నీళ్ళు నిదానంగా కదులుతుంటాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు హాయిగా కూర్చోవచ్చు. నరసాపురం ప్రాంతం ఆడవాళ్ళ లేసు అల్లికలు అక్కడికి దగ్గరే. ఆ పని మిషనరీ దొరసానుల దగ్గర నేర్చుకున్నదని చెప్తారు, మనవాళ్ళకి చూపించండి. ఖర్చు మాత్రం సూర్యలంక కంటే ఎక్కువైంది.

డబ్బు విషయంలో మేం తలా నెలకి 200 చొప్పున పది నెలలు కూడబెట్టాం. కట్టలేనివాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ వాటా ఎవరు వేశారో ట్రెజరర్‌కి తప్ప ఎవరికీ తెలియదు, నాకు కూడా. చర్చి కానుకల డబ్బు ముట్టుకోలేదు. అలాగే ప్రోగ్రాం నిండా కూటాలు పెట్టకండి. మేం పొద్దున ఒక గంట ధ్యానం, రాత్రి ఇసుక మీద సాక్ష్యాలు, అంటే దేవుడు తమ బతుకులో చేసింది ఎవరికి వాళ్ళు చెప్పుకోవడం, అంతే. మైకు లేదు. చీకట్లో ఎదుటివాళ్ళ ముఖం సరిగ్గా కనపడదు కదా, చర్చిలో ఏళ్ళ తరబడి చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకున్నారు. అవి అక్కడితోనే ఆగాలని అందరం ప్రార్థనలో మాట తీసుకున్నాం.

ఇక పెద్దవాళ్ళ సంగతి. తప్పకుండా తీసుకెళ్ళండి. మాతో వచ్చిన ఒక పెద్దమ్మగారికి 74 ఏళ్ళు. సముద్రానికి 50 కిలోమీటర్ల దూరంలో పుట్టి, అక్కడే పెళ్ళయి, ఏడుగురు పిల్లల్ని కని, ఒక్కసారి కూడా సముద్రం చూడలేదు. "ఎవరు తీసుకెళ్తారమ్మా, ఎప్పుడూ పొలం పనే కదా" అనేది. బండి దిగి ఇసుక మీదకొచ్చి, చెప్పులు తీసి చేత పట్టుకుని, అలా నిలబడిపోయింది. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని తడి ఇసుక దాకా తీసుకెళ్ళాం. వంగి వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. "ఉప్పేనే!" అంది మావైపు తిరిగి, చిన్నపిల్లలా. తర్వాత కుర్చీ వేయించుకుని, అల వచ్చి పాదాలు తడిపే చోట కూర్చుంది. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి రమ్మంటే, "మీరు తినండమ్మా, నేనిక్కడే ఉంటా" అని గంటన్నర లేవలేదు. ప్లేటు అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాం.

కాబట్టి మీ సామానులో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు మూడో నాలుగో తప్పకుండా వేసుకోండి. కుర్చీ కాళ్ళ కింద చిన్న చెక్క పలక కూడా పెట్టాలి. లేకపోతే అల వచ్చి వెళ్ళేకొద్దీ ఇసుకలోకి దిగబడి ఒక పక్కకి ఒరిగిపోతుంది.