డాక్టర్ల మీద కేసులు నిజంగా అంత ఎక్కువా? ఎవరి మీద పడతాయి?

మీ తమ్ముడికి గైనకాలజీ పీజీ సీటు వచ్చే ర్యాంకు వచ్చిందని, "ఆ బ్రాంచి తీసుకుంటే జీవితమంతా కోర్టుల చుట్టూ తిరగాలి" అని బంధువులెవరో అనడంతో ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుందని రాశారు. నేను గుంటూరులో లాయర్‌ని. వినియోగదారుల కమిషన్‌లో ఇలాంటి కేసులు పేషెంట్ల తరఫునా నడిపాను, డాక్టర్ల తరఫునా నడిపాను. నేను చూసినంతలో చెబుతాను.

ఆస్పత్రుల్లో జరిగే నష్టంతో పోలిస్తే కేసులు చాలా తక్కువ. తప్పు చేసిన ప్రతి డాక్టరు మీదా కేసు పడదు, కేసు పడిన ప్రతి డాక్టరూ తప్పు చేసి ఉండడు. దీని మీద అమెరికాలో గట్టి పరిశోధనే జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆస్పత్రుల 1984 నాటి రికార్డులను హార్వర్డ్ బృందం తిరగేస్తే, నిర్లక్ష్యం వల్ల హాని జరిగిన పేషెంట్లలో దావా వేసినవాళ్లు 2 శాతం కూడా లేరు. వేసిన దావాల్లోనేమో ఎక్కువ వాటిలో రికార్డుల ప్రకారం నిర్లక్ష్యమే కనబడలేదు. విభాగాలవారీ లెక్క కావాలంటే 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఉంది. అక్కడ ఏడాదికి 7.4 శాతం మంది డాక్టర్ల మీద క్లెయిమ్ పడుతుంటే, డబ్బు కట్టాల్సి వచ్చింది 1.6 శాతం మందే. న్యూరోసర్జన్లలో ఏటా 19.1 శాతం మందికి ఈ తలనొప్పి ఉంటే, సైకియాట్రిస్టుల్లో 2.6 శాతం మందికి. అంటే ఎంచుకున్న బ్రాంచిని బట్టి చాలా తేడా ఉంటుంది. మీ బంధువులు చెప్పినదాంట్లో ఆ మేరకు నిజం ఉంది.

మన దగ్గర చాలా గొడవలు కమిషన్ గడప తొక్కకముందే ముగిసిపోతాయి. మనిషి పోగానే బంధువులు శవంతో ఆస్పత్రి ముందు ధర్నాకు కూర్చుంటారు, పోలీసులు వస్తారు, ఊరి పెద్దలో పార్టీ నాయకులో మధ్యలోకి దిగుతారు. రాత్రికల్లా ఎంతో కొంతకు రాజీ కుదిరి, "మాకు ఏ ఫిర్యాదూ లేదు" అని కాగితం రాయించుకుంటారు. ఇందులో డాక్టరు తప్పు చేశాడా లేదా అన్నది ఎవరూ చూడరు. ఎక్కువమంది జనం ఉన్నవాడికి ఎక్కువ డబ్బు దక్కుతుంది. ఏ తప్పూ చేయని డాక్టరు భయంతో డబ్బిచ్చుకోవడం నేను చూశాను. నిజంగా అన్యాయం జరిగిన కుటుంబం అండలేక ఉత్త చేతులతో వెళ్లిపోవడమూ చూశాను. ఈ పద్ధతి అంటే నాకు చాలా కోపం.

ఇక కమిషన్ దాకా వచ్చే కేసుల్లో నా అనుభవంలో ప్రసవాలు, సర్జరీలు, ఎముకల ఆపరేషన్లు ఎక్కువ. వాటి వెంట మత్తు డాక్టర్ల పేర్లూ వస్తాయి. సొంత నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరుకు బాధ ఎక్కువ, ఎందుకంటే వైద్యుడూ యజమానీ తనే. కార్పొరేట్ ఆస్పత్రికైతే లాయర్లు ఉంటారు. గైనకాలజీకి ఎందుకు ఎక్కువంటే, ఇంట్లోవాళ్లు అక్కడికి రోగిని తీసుకురారు, ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లను తీసుకొస్తారు. అరగంటలో పరిస్థితి తలకిందులైతే ఆ మాట వినడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు.

ప్రభుత్వాస్పత్రుల సంగతి వేరు. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది కానీ, అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోటుకు అది వర్తించదని చెప్పింది. కాబట్టి పేదవాళ్లు ఎక్కువగా వెళ్లే చోటే ఈ దారి మూసుకుపోయింది. వాళ్లకు మిగిలేవి సివిల్ కోర్టు, మెడికల్ కౌన్సిల్ లాంటివి. కూలి పోగొట్టుకుని వాటి చుట్టూ తిరిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

కమిషన్‌కు వచ్చినా త్వరగా తేలుతుందని కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో ఛాతీలో గడ్డకు ఆపరేషన్ జరిగి నడుము కింది భాగం చచ్చుబడిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది 2009లో. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తనే వాదించుకున్నాడాయన. 2010లో హైదరాబాద్ నుంచే వెళ్లిన మరో కేసులో, మలేరియాతో ఉన్న ఆవిడకు టైఫాయిడ్ మందులు వాడారన్న ఫిర్యాదుపై తీర్పిస్తూ, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. పేషెంట్ల తరఫున వాదించేటప్పుడు నాకు బాగా అక్కరకొచ్చే తీర్పు ఇది.

జైలు భయం గురించి కూడా అడిగారు కదా. 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం క్రిమినల్ కేసుకు మామూలు పొరపాటు చాలదు, దారుణమైన నిర్లక్ష్యం ఉండాలి. పోలీసులు ముందుగా మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద డాక్టరుకు పడగల శిక్ష గరిష్ఠంగా 2 ఏళ్లు.

ఒకే రకమైన రెండు కేసులు చెబుతాను. రెండూ కాన్పు తర్వాత రక్తస్రావంతో తల్లి చనిపోయినవే. మొదటి దాంట్లో నేను కుటుంబం తరఫున ఉన్నాను. కేసు షీటులో గంటగంటకూ బీపీ 110/70 అని ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో ఉంది. ఆ కింది వరసలోనే "పెద్దాస్పత్రికి పంపాం" అని రాశారు. రక్తం ఎప్పుడు అడిగారో అందులో లేదు. రక్తం కావాలని ఆస్పత్రి పంపిన చీటీని బ్లడ్ బ్యాంకు నుంచి తెప్పిస్తే, అది వాళ్లకు చేరిన టైము, పేషెంటును పంపేశామని ఆస్పత్రి రాసిన టైము దాదాపు ఒకటే. అంటే పంపేసే దాకా రక్తమే అడగలేదు. కేసు గెలిచింది ఆ చీటీతోనే. రెండో దాంట్లో నేను డాక్టరమ్మ తరఫున. పది పదిహేను నిమిషాలకోసారి నాడి, బీపీ, రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ మందు ఇచ్చిన టైము, రక్తం కోసం ఫోన్ చేసిన టైము, భర్తతో ఏం చెప్పారో కూడా రాసి ఉంది. ఆ తల్లి బతకలేదు. కానీ ఆవిడ చేయగలిగిందంతా చేశారని కమిషన్ ఒప్పుకుంది.

అందుకని గైనకాలజీ ఇష్టమైతే మీ తమ్ముణ్ని వెనక్కి లాగకండి. మంచి గైనకాలజిస్టులు మనకు కావాలి. టైముతో సహా అప్పటికప్పుడు రాయడం, కన్సెంట్ ఫారం తెలుగులో ఉంచి చదివి వినిపించడం, పరిస్థితి చెడినప్పుడు బయటికొచ్చి కుటుంబంతో తనే స్వయంగా మాట్లాడటం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోమనండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది రూలు. దాచిపెడితేనే అనుమానం పెరుగుతుంది. నష్టం జరిగినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లని, ముందు కేసు షీటు పూర్తి నకలు రాతపూర్వకంగా అడగాలని గుర్తుపెట్టుకోండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటీ చాలదు.

తమ్ముడు చదువయ్యాక ఎక్కడైనా కన్సల్టెంటుగా చేరితే, ఆస్పత్రి తీసుకున్న ఇండెమ్నిటీ పాలసీ (కేసు పడితే పరిహారం భరించే బీమా) తనకూ వర్తిస్తుందో లేదో చేరేముందే రాతలో తీసుకోమనండి. వర్తించకపోతే సొంత పాలసీ తీసుకుని, మధ్యలో ఆపకుండా ఏటా కట్టుకోవాలి.