మట్టి నల్లగా ఉందని ఎరువు మానేస్తారా?

"అగ్నిపర్వత బూడిద నేలల్లో సేంద్రియ పదార్థం బోలెడు ఉంటుంది కదా, నత్రజని వేయకపోయినా పర్లేదా?" అని అడిగారు. పర్లేదు అనేవాళ్లెవరూ ఆ నేలలో ఒక్క పంట కూడా వేసి ఉండరు.

నేనుండేది జపాన్‌లో, ఇబరాకిలోని సుకుబాలో. ఊరి చివర చిన్న మడి అద్దెకు తీసుకుని గోంగూర, చిక్కుడు పెంచుతాను. ఇక్కడిదీ అగ్నిపర్వత బూడిద మట్టే, కురొబొకు అంటారు. కాటుక నలుపు, గుప్పిట్లోకి తీసుకుంటే బరువే ఉండదు. చలికాలం చివర గాలి లేచిందంటే ఆరేసిన బట్టలన్నీ మళ్లీ ఉతుక్కోవాల్సిందే, ఆ గోల వేరే.

గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిది, రేగడిలో పత్తి పండించే మనిషి, గుప్పెడు మట్టి నలిపి చూసి "దీనికి ఎరువేంది బావా, గింజ విసిరేస్తే చాలు" అన్నాడు. సరే నువ్వే విసురు అని ఒక సాలు వాడికి వదిలేసి, పక్క సాలులో కోడిపెంట, ఫాస్ఫేటు కలిపి నేను గోంగూర వేశాను. వాడు ఊరెళ్లిపోయాక చూస్తే నాది మోకాలెత్తు పెరిగింది, వాడిది జానెడు లేదు, ఆకులు పాలిపోయాయి. ఫోటో పంపితే "విత్తనం మంచిది కాదు బావా" అన్నాడు!

రంగు చూసి భూమికి మార్కులేయడం మనవాళ్లకు అలవాటు. రేగడి నలుపుకి సేంద్రియ పదార్థంతో పెద్ద సంబంధం లేదు, అందులో కర్బనం 1 శాతం ఉంటే గొప్ప. కురొబొకులో చాలాచోట్ల 5 శాతం దాటుతుంది, ఆ నలుపు నిజంగా దానిదే. కానీ అది తాళం వేసిన బీరువా. బూడిద శిథిలమయ్యేటప్పుడు పుట్టే అల్లోఫేన్ అనే బంకమట్టి ఖనిజం, అల్యూమినియం ఆ పదార్థాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి, సూక్ష్మజీవులకు అంత తేలిగ్గా చిక్కదు. అందుకే వేల ఏళ్ల కిందటి గడ్డి తాలూకు కర్బనం కూడా ఇంకా అలాగే ఉంది. నత్రజని కూడా దాంతోపాటే ఇరుక్కుని, మొక్కకు కొంచెం కొంచెంగానే అందుతుంది. ఫాస్ఫేటుదీ అదే కథ, వేసింది వేసినట్టు మట్టే పట్టేసుకుంటుంది. పక్క మడి పెద్దాయన ఏటా ఫాస్ఫేటు కలపనిదే గింజ ముట్టడు.

ఇంకోటి, అప్పుడే రాలిన బూడిదలో నత్రజని దాదాపు ఉండనే ఉండదు. 1707లో ఫుజి పేలినప్పుడు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఎదో, అంటే ఇప్పటి టోక్యో, మీద కూడా బూడిద కురిసింది. అలాంటి బూడిదలోకి నత్రజని చేరాలంటే గాలిలోంచి పట్టే మొక్కలు రావాలి, ఏళ్లకేళ్లు ఆకు రాలాలి.

అలాగని యూరియా ఒకేసారి కుమ్మరించకండి, నీరు ఇట్టే ఇంకే నేల ఇది, అది నైట్రేటుగా మారి కిందికి దిగి బావుల్లో తేలుతుంది. విడతలుగా వేయండి. మట్టి పరీక్ష చేయిస్తే 'మొత్తం నత్రజని' అంకె చూసి మురిసిపోకుండా మొక్కకు నేరుగా అందే అమ్మోనియం, నైట్రేటు ఎంతున్నాయో విడిగా రాసిమ్మని అడగండి.