చెడిపోయిన లేజర్ డయోడ్ ఇంకా ఎందుకు వెలుగుతోంది? (మీ ప్రశ్నలు – మా జవాబులు)

ప్రశ్న: సర్, పాత డీవీడీ రైటర్ విప్పి అందులోని ఎర్ర లేజర్ డయోడ్ బయటికి తీశాను. ముందు లెన్స్ పెట్టి రెండు పెన్సిల్ సెల్స్‌కి డైరెక్టుగా కలిపితే ఒక్క సెకను గోడ మీద చుక్క ఘాటుగా పడింది, వెంటనే డల్ అయిపోయింది. ఇప్పటికీ ఎర్రగా వెలుగుతోంది గానీ మామూలు ఎల్‌ఈడీలా ఉంది, బీమ్ రావట్లేదు. కాలిపోతే అసలు వెలగకూడదు కదా? – ఒక డిప్లొమా విద్యార్థి

జవాబు: మీ డయోడ్ పోయింది, ఇక బాగుపడదు. కానీ మీరు చూసినదాన్ని పట్టుకుంటే లేజర్ డయోడ్ మొత్తం అర్థమైపోతుంది, అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను. లేజర్ డయోడ్‌లో రెండు పనులు జరుగుతాయి, ఒకటి లైటు పుట్టడం, రెండోది పుట్టిన లైటు తనని తాను పెంచుకోవడం. మీ దాంట్లో మొదటిది ఇంకా జరుగుతోంది, రెండోది ఆగిపోయింది.

లైటు పుట్టడం వరకూ ఇది అచ్చం ఎల్‌ఈడీయే. ఒక పక్క ఎలక్ట్రాన్లు ఎక్కువున్న పొర, ఇంకో పక్క హోల్స్ (ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట ఖాళీలు) ఎక్కువున్న పొర, కరెంటు ఇస్తే మధ్యలో జంక్షన్ దగ్గర రెండూ కలుస్తాయి, కలిసినప్పుడు మిగిలిన ఎనర్జీ ఫోటాన్‌గా, అంటే కాంతి కణంగా బయటికొస్తుంది. ఆ ఎనర్జీ (దీన్ని బ్యాండ్‌గ్యాప్ అంటారు) ఎంతన్నది మెటీరియల్ బట్టి ఉంటుంది, గాలియం ఆర్సెనైడ్‌కి దాదాపు 1.42 ఎలక్ట్రాన్ వోల్టులు, ఎలక్ట్రాన్ వోల్టుల్ని నానోమీటర్లలోకి మార్చే 1240ని దాంతో భాగిస్తే వేవ్‌లెంగ్త్ (లైటు రంగుని నిర్ణయించే అల పొడవు) 870 నానోమీటర్లు చిల్లర వస్తుంది, అంటే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. మీ ఎర్ర డయోడ్‌లో ఇంతకంటే ఎక్కువ ఎనర్జీ ఇచ్చే మెటీరియల్ ఉంటుంది. సిలికాన్‌తో లేజర్ ఎందుకు చెయ్యరని చాలామంది అడుగుతుంటారు, సిలికాన్‌లో ఎలక్ట్రాన్, హోల్ నేరుగా కలవలేవు, మధ్యలో క్రిస్టల్ కదలికల సాయం కావాలి, అందుకే ఆ ఎనర్జీ దాదాపు అంతా వేడిగానే పోతుంది.

ఇక రెండో పని. ఒక ఫోటాన్ వెళ్తూ వెళ్తూ, కలవడానికి రెడీగా ఉన్న ఎలక్ట్రాన్-హోల్ జంటని తాకితే ఆ జంట అక్కడికక్కడే కలిసి, అదే రంగులో అదే దిశలో అదే ఫేజ్‌లో ఇంకో ఫోటాన్‌ని ఇస్తుంది. దీన్నే స్టిమ్యులేటెడ్ ఎమిషన్ అంటారు, ఐన్‌స్టైన్ 1917 నాటికే చెప్పేశాడు. అయితే ఒక్కసారి దాటిపోతే ఈ పెరుగుదల సరిపోదు, లైటు మళ్లీ మళ్లీ అదే దారిలో అటూ ఇటూ తిరగాలి, అంటే అద్దాలు కావాలి. మీ డయోడ్‌లో ఆ అద్దాలు విడిగా పెట్టినవి కావు, క్రిస్టల్‌ని సరైన తలం వెంబడి విరిస్తే చివరలు నున్నగా వస్తాయి, వాటినే అద్దాలుగా వాడతారు. గాలియం ఆర్సెనైడ్ లాంటి మెటీరియల్ వక్రీభవన గుణకం 3.5 దాకా ఉండటం వల్ల, ఏ పూతా లేకుండానే ఆ అంచు 30 శాతం లైటుని వెనక్కి కొడుతుంది. లోపల పెరుగుదల అంత బలంగా ఉంటుంది కాబట్టి ఆ కాస్తా చాలు.

కరెంటు తక్కువున్నప్పుడు లోపల లైటు పెరుగుదల (లాభం) కంటే నష్టమే ఎక్కువ, అప్పుడది ఎల్‌ఈడీలాగే వెలుగుతుంది. కరెంటు పెంచుతూ పోతే ఒక చోట లాభం నష్టాన్ని దాటుతుంది, దాన్ని థ్రెషోల్డ్ అంటారు, అక్కణ్ణించి లైటు గ్రాఫ్ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది.

ఇప్పుడు మీ కేసుకి వద్దాం. చిప్ పొడవు అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉండొచ్చు గానీ లైటు బయటికొచ్చే చోటు మాత్రం సుమారు ఒక మైక్రాన్ ఎత్తు, మూడు మైక్రాన్ల వెడల్పు, అంతే. అందులోంచి 100 మిల్లీవాట్లు వస్తోందనుకోండి, చదరపు సెంటీమీటరుకి లెక్క కడితే 30 లక్షల వాట్లు దాటుతుంది! ఆ అంచు ఉపరితలం కొంచెం లైటుని పీల్చి వేడెక్కుతుంది, వేడెక్కితే బ్యాండ్‌గ్యాప్ తగ్గి ఇంకా ఎక్కువ పీలుస్తుంది, ఇంకా వేడెక్కుతుంది, కళ్లు మూసి తెరిచేలోపు అంచు కరిగిపోతుంది. అద్దం పోయింది, జంక్షన్ మిగిలింది. అద్దం లేక నష్టం పెరిగి థ్రెషోల్డ్ ఎక్కడికో వెళ్లిపోయింది, అందుకే మీరెంత కరెంటిచ్చినా ఎల్‌ఈడీలానే వెలుగుతోంది.

సెల్స్‌కి డైరెక్టుగా కలపడమే కారణం. డయోడ్‌కి వోల్టేజీ కొంచెం పెరిగినా కరెంటు చాలా రెట్లు పెరుగుతుంది, అందుకే లేజర్ డయోడ్‌కి ఎప్పుడూ కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవరే వాడాలి. డ్రైవర్ ఉన్నా ఇంకో గండం ఉంది, డయోడ్ కలపకముందే డ్రైవర్ ఆన్ చేస్తే దాని అవుట్‌పుట్ కెపాసిటర్ నిండి కూర్చుంటుంది, డయోడ్ తగిలించగానే అదంతా ఒక్కసారి దాని మీద పడుతుంది. ముందు కెపాసిటర్ రెండు కాళ్లూ షార్ట్ చేసి, డయోడ్ కలిపి, ఆ తర్వాతే పవర్ ఇవ్వండి. చేతిమీది స్టాటిక్ కూడా దీన్ని చంపేస్తుంది, రిస్ట్ స్ట్రాప్ లేకుండా ముట్టుకోకండి. అన్నిటికంటే ముఖ్యం, రైటర్‌లో ఉండే డయోడ్ మామూలు పాయింటర్ కంటే ఎన్నో రెట్లు పవర్‌ఫుల్, ఆ వేవ్‌లెంగ్త్‌కి సరిపడే సేఫ్టీ గ్లాసెస్ లేకుండా దయచేసి ఇంకోటి వెలిగించకండి. ఆ ఒక్క సెకనులో బీమ్ కంట్లో పడుంటే రెటీనా మీద మచ్చ శాశ్వతంగా ఉండిపోయేది.

ప్రశ్న: లేజర్ డయోడ్ల రకాలు ఫాబ్రీ-పెరో, డీఎఫ్‌బీ, విక్సెల్, క్వాంటమ్ క్యాస్కేడ్... అన్నీ బట్టీ పడుతున్నాం గానీ తేడా బుర్రకెక్కట్లేదు మేడమ్. – ఇంజినీరింగ్ మూడో సంవత్సరం

జవాబు: అద్దాలు ఎక్కడున్నాయో చూడమ్మా, మొదటి మూడూ విడిపోతాయి. రెండు చివరలూ అద్దాలైతే ఫాబ్రీ-పెరో, పై జవాబులో చెప్పింది అదే. చౌక, కానీ దగ్గర దగ్గరగా చాలా వేవ్‌లెంగ్త్‌లు ఒకేసారి ఇస్తుంది. ఫైబర్‌లో ఒక్కో వేవ్‌లెంగ్త్ ఒక్కో వేగంతో వెళ్తుంది కాబట్టి వందల కిలోమీటర్లు పోయేసరికి సమాచారం మోసే లైటు పల్స్‌లు ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగం అయిపోతాయి. అందుకని డీఎఫ్‌బీలో (డిస్ట్రిబ్యూటెడ్ ఫీడ్‌బ్యాక్) లైటు నడిచే దారి పొడుగునా సన్నని గాట్ల వరస చెక్కుతారు, ఒక్కో గాటు కొంచెం కొంచెం లైటుని వెనక్కి పంపుతుంది, ఒక్క వేవ్‌లెంగ్త్‌కే అవన్నీ కలిసొస్తాయి, మిగతావి అణిగిపోతాయి. వేడికి కూడా ఇది నిలకడగా ఉంటుంది, డిగ్రీకి సుమారు 0.1 నానోమీటరే జరుగుతుంది, ఫాబ్రీ-పెరో ఐతే దానికి కొన్ని రెట్లు. 1550 నానోమీటర్ల దగ్గర దూరప్రయాణం చేసే ఫైబర్ లింకులు నడిచేది ఇలాంటి లేజర్ల మీదే.

విక్సెల్‌లో (వర్టికల్ క్యావిటీ సర్ఫేస్ ఎమిటింగ్ లేజర్) అద్దాలు పైనా కిందా ఉంటాయి, లైటు చిప్ అంచులోంచి కాకుండా పైకి వస్తుంది. నాకు అన్నిట్లోకీ ఇష్టమైంది ఇదే, ఆలోచన 1977లో జపాన్‌లో కెనిచి ఇగాకి వచ్చింది. లైటు పెరిగే దూరం ఇందులో మరీ తక్కువ, కాబట్టి అద్దాలు 99 శాతం పైనే వెనక్కి కొట్టాలి, దానికోసం రెండు రకాల పొరల్ని పావు వేవ్‌లెంగ్త్ మందంలో పదుల జతలు పేరుస్తారు. కష్టపడి పేర్చినందుకు గుండ్రటి బీమ్, చాలా తక్కువ థ్రెషోల్డ్, పైగా వేఫర్‌ని (చాలా చిప్‌లు ఒకేసారి తయారయ్యే పలుచని బిళ్లని) ముక్కలు చెయ్యకముందే అన్నిటినీ టెస్ట్ చేసుకోవచ్చు. లేజర్ మౌస్‌లో, డేటా సెంటర్ల చిన్న లింకుల్లో, కొన్ని ఫోన్ల ఫేస్ అన్‌లాక్‌లో ఉండేది ఇదే.

క్వాంటమ్ క్యాస్కేడ్ మాత్రం వేరే జాతి. ఇందులో హోల్స్‌తో పని లేదు, ఎలక్ట్రాన్ ఒక్కటే మెట్లు దిగినట్టు ఒక్కో పొర దిగుతూ ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఫోటాన్ వదులుతుంది. వేవ్‌లెంగ్త్‌ని బ్యాండ్‌గ్యాప్ కాకుండా పొర మందం నిర్ణయిస్తుంది. 1994లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫైస్ట్, కపాసో వాళ్ల టీమ్ చేసి చూపించింది, గాలిలో గ్యాస్‌లని పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది.

పరీక్షకి ఇంకోటి తప్పకుండా చదువు, హెటిరోస్ట్రక్చర్. 1962లో వచ్చిన మొదటి డయోడ్ లేజర్లు లిక్విడ్ నైట్రోజన్‌లో చల్లబరిచి పల్స్‌లుగా మాత్రమే నడిచేవి. ఎక్కువ బ్యాండ్‌గ్యాప్ ఉన్న రెండు పొరల మధ్య తక్కువ బ్యాండ్‌గ్యాప్ పొర ఇరికిస్తే ఎలక్ట్రాన్లూ లైటూ రెండూ అక్కడే బందీ అవుతాయని భౌతిక శాస్త్రవేత్త క్రోమర్ 1963లోనే చెప్పాడు, 1970లో సోవియట్ యూనియన్‌లో అల్ఫెరోవ్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో హయాషి, పానిష్ గది ఉష్ణోగ్రతలో ఆగకుండా వెలిగించారు. 2000లో క్రోమర్, అల్ఫెరోవ్‌లకి నోబెల్ వచ్చింది దీనికే.

ప్రశ్న: ఆంటీ, గ్రీన్ లేజర్ పాయింటర్ రెడ్ దానికంటే డేంజర్ అని మా ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? – తొమ్మిదో తరగతి

జవాబు: కొన్ని నిజంగానే డేంజర్ నాన్నా. చాలా గ్రీన్ పాయింటర్లలో పచ్చ డయోడ్ ఉండదు, లోపల 808 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ డయోడ్ ఉంటుంది, అది ఒక క్రిస్టల్‌ని వెలిగిస్తే 1064 నానోమీటర్ల లైటు వస్తుంది, ఇంకో క్రిస్టల్ ఆ వేవ్‌లెంగ్త్‌ని సగం చేసి 532 పచ్చగా మారుస్తుంది. బయటికి వచ్చేముందు మిగిలిపోయిన ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ ఉండాలి, చౌకవాటిల్లో అది పెట్టరు ఒక్కోసారి. ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనపడదు కాబట్టి రెప్ప వెయ్యవు, లోపల కాలేది మాత్రం కాలుతుంది. పాయింటర్ మీద 1 మిల్లీవాట్ లోపు, క్లాస్ 2 అని ఉందేమో మీ నాన్నగారితో చూపించుకో, ఉన్నా సరే ఎవరి మొహం మీదా వెయ్యకు.