జీతం 7న, బిల్లు 2న: కార్డు గడువులను దారిలో పెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు డ్యూటీ. గాజువాకలో అద్దెకుంటున్నాం. జీతం చేతికి 62 వేలు, 7వ తేదీన పడుతుంది. మూడు క్రెడిట్ కార్డులున్నాయి, వాటి డ్యూ డేట్లు (బిల్లు కట్టాల్సిన ఆఖరి తేదీలు) 2, 14, 26. మూడింటి మీదా కలిపి నెలకు 30 వేల దాకా వాడతాం. కట్టలేని పరిస్థితి కాదు, అయినా ఈ ఏడాది రెండుసార్లు దెబ్బతిన్నాను. ఒకసారి ఇంకా జీతం పడలేదని మినిమం డ్యూ కట్టి ఊరుకుంటే వడ్డీ వేశారు. ఇంకోసారి నైట్ షిఫ్టు వారంలో పూర్తిగా మర్చిపోయి వారం ఆలస్యంగా కట్టాను. ఫోన్లో రిమైండర్లు పెట్టుకున్నా లాభం లేదు. కార్డులన్నీ తీసిపారేయమంటోంది మా ఆవిడ. వచ్చే ఏడాది కూర్మన్నపాలెంలో ఫ్లాట్ కొనాలని ఉంది. హోమ్ లోన్‌కి అడ్డమవుతుందేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది మతిమరుపు కాదండీ, తేదీలు. జీతం 7న పడే మనిషికి 2వ తేదీ డ్యూ అంటే, నెలలో చేతిలో డబ్బు బాగా తగ్గిపోయే రోజుల్లో బిల్లు వచ్చి కూర్చుంటుంది. 26వ తేదీదీ అంతే. అద్దె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు అయ్యాక మిగిలిన దాంట్లోంచి తీయాలి. ఆ తేదీలు మీరు ఎంచుకున్నవి కావు, బ్యాంకు పెట్టినవి. కాబట్టి రిమైండర్ల సంగతి పక్కన పెట్టి ముందు తేదీలు మార్పించుకోండి.

అది మీ హక్కు. బిల్లింగ్ సైకిల్‌ను, అంటే నెలనెలా బిల్లు తయారయ్యే తేదీని, కనీసం ఒక్కసారైనా మార్చుకునే అవకాశం కస్టమర్‌కు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. చాలా బ్యాంకుల్లో స్టేట్‌మెంట్ (ఆ నెల బిల్లు) వచ్చాక 18 నుంచి 20 రోజులకు డ్యూ డేట్ ఉంటుంది. స్టేట్‌మెంట్ 24వ తేదీన పడేలా అడిగితే డ్యూ డేట్ వచ్చే నెల 11-14 మధ్యకు వస్తుంది. అంటే జీతం పడిన నాలుగు నుంచి ఏడు రోజులకు. పైగా 7న జీతం వచ్చేసరికి ఈ నెల బిల్లు ఎంతో మీకు ముందే తెలిసి ఉంటుంది. యాప్‌లో ఆ ఆప్షన్ లేకపోతే కార్డు వెనకున్న నంబర్‌కే ఫోన్ చేయండి. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్ల జోలికి మాత్రం పోవద్దు, వాటిలో మోసగాళ్లవీ ఉంటాయి. సైకిల్ మారే నెలలో స్టేట్‌మెంట్ మామూలు కంటే ముందో వెనకో వస్తుంది. ఆ ఒక్క నెల కాస్త కనిపెట్టుకుని ఉండండి.

ఇక మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం ఇంతైనా కట్టాలని చూపించే చిన్న మొత్తం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీలాగే 'ఎంతో కొంత కట్టాం కదా' అనుకునేవాళ్లు చాలామంది. ఆగస్టు 15న 30,000 పెట్టి ఫ్రిజ్ కొన్నారనుకుందాం. సెప్టెంబరు 12న స్టేట్‌మెంట్, 30న డ్యూ. ఆ రోజు మీరు 5 శాతం, అంటే 1,500 కట్టారు. లేట్ ఫీజు పడదు, నిజమే. కానీ మిగిలిన 28,500 మీద వడ్డీ డ్యూ డేట్ నుంచి కాదు, ఫ్రిజ్ కొన్న ఆగస్టు 15 నుంచే లెక్కకడతారు. నెలకు మూడున్నర శాతం చొప్పున అక్టోబరు 12 స్టేట్‌మెంట్ నాటికి 58 రోజులకు సుమారు 1,900 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 340. మీరు కట్టింది 1,500, బ్యాంకు కలిపింది 2,240. బాకీ తగ్గకపోగా పెరిగింది. బ్యాంకును బట్టి లెక్క కొంచెం అటూఇటూ అవుతుంది గానీ వరస ఇదే. దీనికి తోడు, పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కార్డు గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ. 45-50 రోజుల వడ్డీలేని గడువు అనే సౌకర్యమే పోతుంది. మీరు మినిమం కట్టి ఊరుకున్న ఆ నెల మీ దగ్గర నిజంగా డబ్బు లేదనుకున్నా, అయిదు రోజులాగి జీతం పడగానే మిగతాది మొత్తం కట్టేసి ఉంటే వడ్డీ చాలావరకు తగ్గేది. మినిమం కట్టాక వచ్చే స్టేట్‌మెంట్ దాకా ఆగాల్సిన పని లేదు, ఏ రోజైనా కట్టొచ్చు.

అందుకే ఆటోపే (బిల్లు డబ్బు ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టేటప్పుడు ఒక్క చోట జాగ్రత్తగా చూడండి. 'మినిమం అమౌంట్', 'టోటల్ అమౌంట్' అని రెండు అడుగుతుంది. చాలామంది భయపడి మినిమం నొక్కుతారు. మీరు టోటల్ పెట్టండి. ఆటోపే అమల్లోకి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్నిసార్లు ఒక బిల్లు దాటిపోతుంది కూడా. అది యాక్టివ్ అయిందని కనిపించేదాకా మామూలుగా మీరే కట్టుకోండి.

ఆటోపే జీతం పడే ఖాతా నుంచి వద్దు. మీకు వాడకంలో లేని పాత సేవింగ్స్ ఖాతా ఒకటి ఉండే ఉంటుంది. మినిమం బ్యాలెన్స్ నిబంధన ఒకసారి చూసుకుని దాన్ని కార్డు బిల్లులకే కేటాయించండి. 8వ తేదీన బిల్లుల మొత్తానికి మరో వెయ్యి కలిపి అందులోకి పంపేస్తే ఆ డబ్బు ఖర్చయిపోయిందనే లెక్క. ఖాతాలో డబ్బు చాలక ఆటోపే వెనక్కి వెళ్తే అటు కార్డు బ్యాంకు, ఇటు ఖాతా ఉన్న బ్యాంకు, రెండూ చార్జీలు వేస్తాయి. ఆ వెయ్యి అందుకే. ఈ ఏర్పాటు ఉంటే జనవరిలో డ్యూ డేట్ సరిగ్గా భోగి, సంక్రాంతి మీదకు వచ్చినా, మీరు ఊళ్లో ఉన్నా, బిల్లు దానంతటదే వెళ్లిపోతుంది.

చేత్తో కట్టాల్సి వస్తే డ్యూ డేట్ రోజు రాత్రి వరకూ ఆగకండి. బయటి యాప్‌ల ద్వారా కట్టిన డబ్బు కార్డు ఖాతాలో కనబడటానికి ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది.

మీ ఇంట్లో క్యాలెండర్ వంటింటి గుమ్మం పక్కనే వేలాడుతూ ఉంటుందనుకుంటాను. గ్యాస్ బుక్ చేసిన రోజు, పాలవాడు రాని రోజు దాని మీదే రాస్తారు కదా? స్టేట్‌మెంట్ వచ్చిన రోజే మీ ఆవిడ చేత, డ్యూ డేట్ గడిలో కార్డు చివరి నాలుగు అంకెలు, కట్టాల్సిన మొత్తం రాయించండి. ఖాతాలోంచి డబ్బు కట్ అయిన మెసేజ్ చూశాక ఎర్ర పెన్నుతో కొట్టేయండి. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషి ఫోన్లో రిమైండర్ మోగితే నిద్రమత్తులో ఆపేస్తాడు. గోడ మీది అంకె ఇంట్లో ఇద్దరికీ కనిపిస్తుంది. డబ్బు సంగతులు ఒక్కరి ఫోన్లోనే ఉండిపోవడం ఏ ఇంటికీ మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

కార్డులన్నీ తీసిపారేయమన్న ఆవిడ మాటలో సగం న్యాయం ఉంది. మూడు అక్కర్లేదు. నెలకు 30 వేల ఖర్చుకు ఒకటి చాలు, అత్యవసరానికి ఇంకోటి. అన్నిటికంటే పాత కార్డు ఉంచుకోండి, మీ క్రెడిట్ చరిత్రకు అది బలం. వార్షిక ఫీజు ఎక్కువగా ఉన్నదాన్నో, ఏదో డిస్కౌంట్ కోసం తీసుకున్నదాన్నో మూసేయండి. ముందు దాని మీదున్న ఓటీటీ, ఇన్సూరెన్స్ లాంటి ఆటో చెల్లింపులు వేరే కార్డుకు మార్చి, రివార్డ్ పాయింట్లు వాడేసుకుని, బాకీ సున్నా చేయండి. బాకీ లేకుండా రాతపూర్వకంగా అడిగాక 7 పనిదినాల్లో మూసేయాలి. లేదంటే ఆ తర్వాత రోజుకు 500 చొప్పున బ్యాంకే మీకు చెల్లించాలి.

లేట్ ఫీజు విషయానికొస్తే, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మర్యాదగా అడిగి చూడండి. ఎప్పుడూ సరిగ్గా కట్టే కస్టమర్ అయితే వెనక్కి ఇస్తుంటారు. ఇంకో సంగతి. డ్యూ డేట్ దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి, క్రెడిట్ బ్యూరోలకు (మన అప్పులు, చెల్లింపుల రికార్డు ఉంచే సంస్థలకు) చెప్పాలి. వడ్డీకి మాత్రం ఈ మినహాయింపు లేదు, కాబట్టి ఆ మూడు రోజుల మీద ఆధారపడొద్దు.

మీరు వారం ఆలస్యం చేశారు కాబట్టి అది ఆ బ్యూరోల క్రెడిట్ రిపోర్టులో ఎక్కి ఉండొచ్చు. ఒక్కసారి జరిగిన ఆలస్యంతో హోమ్ లోన్ ఆగిపోతుందని భయపడకండి. ఇప్పటి నుంచి ఏడాది పాటు వరసగా టైముకు కట్టిన రికార్డు ఉంటే బ్యాంకు దాన్నీ చూస్తుంది. కార్డు లిమిట్‌లో 30 శాతం లోపే వాడితే ఇంకా మంచిది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ నాలుగు క్రెడిట్ బ్యూరోల్లో ఒక్కోటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. నాలుగూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి తీసుకోండి, మొదటిది ఈ వారమే. సరిగ్గా కట్టిన నెలను కట్టనట్టు చూపిస్తే వాళ్ల సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ పైన రోజుకు 100 చొప్పున పరిహారం ఇవ్వాలి. ఫ్లాట్‌కు అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వక ముందే ఈ పని పూర్తి చేయండి.