పారాసెటమాల్ ఎక్కువగా మింగిన టీనేజ్ పిల్లలకు ఆస్పత్రిలో ఏం చేస్తారు?

ముందు ఒక మాట: "మామూలుగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఆగొద్దు. మొదటి 24 గంటలు లక్షణాలే కనిపించకపోవచ్చు. కాలేయం దెబ్బతిన్న సంగతి ఆ తర్వాతే బయటపడుతుంది. వాంతి చేయించకుండా, మాత్రల స్ట్రిప్ పట్టుకుని వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. తిట్టొద్దు. భయపడితే ఎన్ని మింగారో, ఎప్పుడు మింగారో దాచేస్తారు. డాక్టర్‌కు ముందు కావాల్సింది ఆ వివరాలే.

మింగి గంటలోపే అయితే సాధారణంగా యాక్టివేటెడ్ చార్‌కోల్ (కడుపులోని మందును పీల్చుకునే బొగ్గు పొడి) తాగిస్తారు. 4 గంటలు దాటాక రక్తంలో మందు స్థాయి చూస్తారు. అంతకుముందు వచ్చిన అంకెను నమ్మలేం. అవసరమైతే విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ డ్రిప్‌లో ఎక్కిస్తారు. 8 గంటల్లోపు మొదలైతే కాలేయాన్ని చాలావరకు కాపాడుతుంది, ఆలస్యమైనా ఇస్తారు. మరో నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ మింగితే దానికి ఇలాంటి విరుగుడు లేదు, లక్షణాలను బట్టే చికిత్స.

కావాలని మింగి ఉంటే, మానసిక వైద్యులు చూడకుండా డిశ్చార్జ్ చేయించుకోవద్దు.