ఆ గుర్రాల సంగతి రాయి

తమ్ముడూ,

నీ కథ రాత్రి రెండుసార్లు చదివాను. వాక్యం బాగుంది. చివరి పేజీ దగ్గర మాత్రం కోపం వచ్చింది. అమెరికా అంతర్యుద్ధం చివర్లో, అపొమాటక్స్ అనే ఊళ్లో, దక్షిణాది సేనాని లీ లొంగిపోతూ తన కత్తి తీసి ఉత్తరాది సేనాని గ్రాంట్ చేతిలో పెట్టాడనీ, గ్రాంట్ దాన్ని కన్నీళ్లతో తిరిగిచ్చాడనీ రాశావు. అది జరగలేదు. అదంతా కట్టుకథేనని గ్రాంటే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

1865 ఏప్రిల్ 9న ఆ గదిలో నిజంగా జరిగింది ఇంకా గొప్పది. షరతులు రాయడం అయ్యాక లీ ఒక మాట చెప్పాడు: మా సైనికుల గుర్రాలు వాళ్ల సొంతం. ఆ సంగతి గ్రాంట్‌కి అప్పటిదాకా తెలీదు. వీళ్లలో చాలామంది చిన్న రైతులే అయ్యుంటారు, ఇవి లేకపోతే వచ్చే చలికాలానికి గింజలెలా పండిస్తారు అనుకున్నాడు. రాసిన కాగితం మార్చలేదు గానీ, గుర్రమో కంచరగాడిదో నాదన్నవాణ్ని తోలుకుపోనివ్వమని తన అధికారులకు చెప్తానన్నాడు. ఆకలితో ఉన్న ఆ సైన్యానికి 25,000 మందికి సరిపడా తిండి పంపాడు. తనవాళ్లు సంబరంగా ఫిరంగులు పేలుస్తుంటే ఆపించాడు. పక్కనున్న సత్రంలో ప్రెస్ పెట్టి, మనిషికొకటి చొప్పున పెరోల్ చీటీలు, అంటే మళ్లీ యుద్ధానికి రానని మాటిచ్చి విడుదలైనట్టు చూపే చీటీలు, అచ్చేశారు. ఓడినవాడు ఆ చీటీతో ఇంటికి పోవచ్చు. అలా సుమారు 28,000 మంది.

నేనూ నీలాగే చేశాను. రైతు ఎద్దును అమ్ముకునే కథ రాస్తే, ఒక ఎడిటర్ "ఏడుపు చాల్లేదు, చివర్లో పెద్దాయన చేత నాలుగు మంచి మాటలు చెప్పించండి" అన్నాడు. చెప్పించాను. అచ్చయింది. మా పెదనాన్న చదివి, "ఎద్దు మెడలో పలుపు ఎవరు విప్పార్రా?" అని ఒక్కటే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఎడిటర్ మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. కన్నీళ్లు కావాలి, మెసేజ్ కావాలి అంటూ మా తరం కథల్ని పాడుచేసింది అలాంటివాళ్లే.

ఇంకొకటి. నీ కథలో నల్లవాళ్లు ఒక్కరూ లేరు. 1864 ఏప్రిల్ 12న ఫోర్ట్ పిల్లో అనే కోటలో, లొంగిపోతున్న ఉత్తరాది సైన్యపు నల్ల సైనికుల్ని దక్షిణాది వాళ్లు చంపేశారు. సరిగ్గా ఏడాదికి, అదే ఏప్రిల్ 12న, లీ సైనికులు అపొమాటక్స్‌లో తుపాకులు కిందపెట్టి, ప్రాణాలతో ఇళ్లకు బయల్దేరారు. లీకి దారి మూసిన సైన్యంలో నల్ల రెజిమెంట్లూ ఉన్నాయి. వాళ్లలో ఒకడు పక్కన నిలబడి ఆ గుర్రాలు పోవడం చూస్తే ఏమనుకుంటాడు? అది రాయాలి నువ్వు.

కత్తి తీసెయ్. ఓడిన సైనికుడు ఆ పెరోల్ చీటీని మడిచి ఏ జేబులో పెట్టుకున్నాడో అక్కణ్నుంచి మొదలుపెట్టి, మళ్లీ నాకు పంపు.

మీ అన్నయ్య